పెద్ద డాక్టరుగారు మా ఇంట్లోనే ఉంటున్నారు

జూన్ 2

ఇవాళ మా ఆయన నన్ను 'తల్లీ' అన్నారు.

కట్టుకున్న పెళ్ళాన్ని. టీ గ్లాసు చేతికిచ్చి వెనక్కి తిరుగుతుంటే "చల్లగా ఉండు తల్లీ" అని వినిపించింది. ఎవరైనా వచ్చారేమోనని గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేరు. ఆ తల్లిని నేనే. సీరియల్‌లో ప్రతి ఎపిసోడు చివరా ఎత్తినట్టే కుడిచెయ్యి కొంచెం పైకి లేచి ఉంది. ఒంటిమీద గొంగళిపురుగు పాకినట్టయింది. "నేనండీ, మీ భార్యని" అన్నాను. "తెలుసు" అన్నారు, అదే గొంతు, అదే చిరునవ్వు. తెలిసే అన్నారన్నమాట. అది ఇంకా రోత.

సీరియల్ అయిపోయి రెండు నెలలు దాటింది. సెట్టు పీకేశారు. ఆయన వేసిన పెద్ద డాక్టరు పాత్ర చివరి ఎపిసోడులో చచ్చిపోయింది కూడా. ఆ డాక్టరు పేరుతో ఆసుపత్రి ముందు విగ్రహం పెట్టారు, థర్మాకోలుది. చచ్చిపోయిన ఆ మహానుభావుడు మా ఇంట్లో కూర్చుని టీలో పంచదార తక్కువైందంటున్నాడు.

జూన్ 4

సెట్టు పీకే రోజున ప్రొడక్షన్ వాళ్ళని అడిగి తెల్లకోటు, స్టెతస్కోపు, కళ్ళజోడు తెచ్చుకున్నారు. జ్ఞాపకానికట. ఆ స్టెతస్కోపు బిళ్ళలో ఏమీ లేదు, ఖాళీ మూత. కళ్ళజోడుకి ఉన్నవి మామూలు అద్దాలు. అవి పెట్టుకుని పేపరు చదువుతారు, అక్షరాలు కనబడక పేపరు దూరంగా జరుపుతారు. చదవడానికి వేసుకునే అసలు జోడు ఫ్రిజ్ మీద దుమ్ము పట్టి ఉంది.

భోజనానికి ముందు మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, చేతులు గాల్లో పెట్టి నిలబడతారు. ఎవరో ఒకరు తువ్వాలు అందించాలి. నేనే అందిస్తున్నాను. అసహ్యించుకుంటూనే అందిస్తున్నాను.

మెట్లు దిగితే చాలు, జనం. ఒకరికి మోకాలు, ఒకరికి నిద్ర పట్టదు, ఇంకొకరికి కోడలు మాట వినదు. 'అంతకాలం డాక్టరు వేషం వేశారు, నిజం డాక్టర్లే దగ్గరుండి నేర్పుతారటగా' అని వాళ్ళలో వాళ్ళే ఖాయం చేసేసుకున్నారు. ఆయన నీళ్ళు బాగా తాగమంటారు, మనసు తేలిగ్గా ఉంచుకోమంటారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. ఎవరికీ చెడు చేసే మాటలు కావు కదా అని ఊరుకున్నాను. పాల ప్యాకెట్ల అతను నన్ను 'డాక్టరమ్మగారూ' అంటున్నాడు. వింటే చీదర. దిద్దాలనుకుంటూనే ప్యాకెట్లు తీసుకుని పైకి వచ్చేస్తున్నాను.

జూన్ 5

మళ్ళీ తల్లీ. ఈసారి చెయ్యి ఎత్తలేదు, అదొక్కటే నయం.

జూన్ 8

కొత్త సీరియల్‌లో కూడా నాది పాత పనే. కెమెరా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నటులకి మాట అందించడం. వాళ్ళు నోరు తెరవడానికి ఒక్క ఊపిరి ముందు నేను అనాలి. మాటలో భావం కలపకూడదు. కలిపితే వాళ్ళు నా ఏడుపు ఏడుస్తారు, నా కోపం పడతారు. మాట రాసింది రచయిత, పలికేది నటుడు, మధ్యలో నేను గొట్టాన్ని. కుళాయి గొట్టానికి నీళ్ళ రుచితో పనేముంది?

ఆయనకి తొమ్మిదేళ్ళు అందించాను. ఒక్క లైను కూడా గుర్తుండదు ఆ మనిషికి. ఎక్కడైనా ఆగిపోతే కళ్ళు మాత్రం కొంచెం కుడివైపు తిప్పేవారు, అక్కడ నేనుండేదాన్ని. చూసేవాళ్ళకి అది పెద్ద డాక్టరు ఆలోచిస్తున్నట్టుండేది. ఆ చూపు ఎంత లోతుగా ఉందో అని పత్రికలో కూడా రాశారు.

పెద్ద డాక్టరు రాకముందు ఈయనెవరో నాకు తెలుసు. తలుపు తీసే నౌకరు, కోర్టులో మూడో ప్లీడరు. కుళాయి కారుతోందని ఇంటి ఓనరుతో చెప్పడానికి నన్ను పంపే మనిషి. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరు "ఇంట్లో మగవాళ్ళెవరైనా లోపలికి రండి" అంటే, ఈయన లిఫ్టు దగ్గర నిలబడి ఆ బటను నొక్కుతూనే ఉన్నారు. నేను వెళ్ళాను లోపలికి. నేను కూర తరుగుతూ వేలు కోసుకుంటే రక్తం చూడలేక పక్కగదిలోకి వెళ్ళి టీవీ సౌండు పెంచారు. ఇలాంటి మనిషి ఇప్పుడు ఊరందరి నాడీ పడుతున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇవాళ అడిగేశాను, ఎందుకండీ ఈ వేషం, ఎవరు చూస్తున్నారని, కెమెరా కూడా లేదు కదా అని. తాడిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టు ఏదో చెబుతారనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత అన్నారు:

"ఆయనగా ఉంటే ఏ గదిలోకి వెళ్ళినా ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. నేనుగా ఉంటే తెలీదు. అది వేషం కాదే. ఇదివరకటిదే వేషం, అది కూడా సరిగ్గా వెయ్యలేకపోయాను."

జాలి పడాల్సిన మాటే. పడలేకపోయాను. ఎందుకంటే అన్న తరవాత తల కొంచెం వంచి ఆగారు, క్లోజప్ కోసం ఆగినట్టు. ఉన్న ఒక్క నిజమూ ఎంగిలి పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టుంది.

జూన్ 11

మా డైరెక్టరుని బతిమాలి ఆయనకి చిన్న వేషం ఒకటి ఇప్పించాను. అపార్టుమెంటు వాచ్‌మన్. రెండే సీన్లు. ఫోనులో ఆయన "క్షమించండి, నేను డాక్టర్ని" అన్నారట. డైరెక్టరు పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను అక్కడ. ఇంటికొచ్చాక ఒళ్ళు మండింది.

జూన్ 13

కింద వాటాలో ఉండే టైలరు పిన్ని పైకి వచ్చింది. ఎప్పుడూ రాదు, మిషను వదిలి లేచే మనిషి కాదు. చుట్టరికమేమీ లేదు, అందరికీ పిన్ని. ఈ బిల్డింగులో ఆమె కుట్టని జాకెట్టు లేదు. పెద్ద డాక్టరు కోటు కూడా ఆమె కుట్టిందే, భుజం దగ్గర జారుతోందంటే సెట్టుకి వచ్చి మరీ సరిచేసింది.

కుడిచేతిలో సూది నిలవడం లేదట. పట్టుకున్నాననే అనుకుంటుందట, చూస్తే కింద పడి ఉంటుందట. పొద్దున కాసేపు మాట కూడా ముద్దగా వచ్చిందని కూతురు నవ్విందట. ఆయన కుర్చీ జరిపి కూర్చోబెట్టారు. రెండు వేళ్ళతో నాడి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఎంత అందంగా పట్టుకున్నారంటే పిన్ని ముఖం అప్పుడే సగం తేటపడింది. నాకు వంటింట్లోంచి కనబడుతూనే ఉంది. 

ఆ తరవాత ఆగిపోయారు. నోరు తెరిచారు, మాట లేదు. కళ్ళు కొంచెం కుడివైపు, వంటింటి గుమ్మం వైపు తిరిగాయి.

అందించాను. అలవాటు. నేత నేసే ఆవిడ ఎపిసోడులోది: "ఏం లేదు తల్లీ. చేతులూ మనుషుల్లాంటివే, అలిసిపోతాయి. వాటికి విశ్రాంతి ఇవ్వండి." కుక్కరు కూతకీ కూతకీ మధ్యలో ఎంత మెల్లగా అన్నానో. ఆయన ఊపిరి తీసుకుని పలికారు. 'విశ్రాంతి' దగ్గర గొంతు కొంచెం దించారు, అప్పట్లో దించినట్టే.

పిన్ని దణ్ణం పెట్టి వెళ్ళింది. తొమ్మిదేళ్ళ కింద రాసిన ముక్కని ఒక మనిషి చేతికి మందులా ఇచ్చేశారు ఈయన. ఇంత సిగ్గులేనితనం ఎక్కడైనా ఉంటుందా?

జూన్ 14

పిన్ని కూతురు పళ్ళు తెచ్చి ఇచ్చింది. అమ్మ మిషను ముట్టుకోకుండా హాయిగా పడుకుందక్కా, బావగారు చెప్పబట్టి విన్నది, లేకపోతే ఎవరి మాటా వినదు అంది. పళ్ళు తీసుకున్నాను. బాగున్నాయి.

జూన్ 17

షూటింగు. ఏమీ లేదు.

జూన్ 18

పిన్ని బాత్‌రూములో పడిపోయింది. కుడివైపంతా చచ్చుబడింది. అంబులెన్సులో ఎక్కిస్తుంటే కూతురు పైకి చూసి "బావగారూ" అని పిలిచింది. ఆయన లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు.

జూన్ 19

ఆసుపత్రికి నేనే వెళ్ళాను. ఆయన జ్వరమన్నారు. ముట్టుకుని చూశాను, లేదు.

అక్కడి డాక్టరు మా చెల్లెలి వయసు పిల్ల. జుట్టు జిడ్డు కారుతోంది, కోటు మీద టీ మరకుంది, మాట్లాడేటప్పుడు ముఖంలోకి చూడదు. పెద్ద డాక్టరుకి ఉన్న కళ ఒక్కటీ లేదు. సూది జారడం, మాట ముద్దగా రావడం, అవి ముందు హెచ్చరికలు, ఆ రోజే తీసుకొచ్చి ఉంటే ఇంతవరకు వచ్చేది కాదేమో అంది. విశ్రాంతి తీసుకోమని ఎవరు చెప్పారని అడిగింది. మా పైవాటాలో పెద్ద డాక్టరుగారని పిన్ని కూతురు చెప్పింది. ఆయన ఏ ఆసుపత్రిలో చేస్తారని అడిగింది ఆ పిల్ల, పెన్ను పట్టుకుని.

పిన్ని కూతురు నా వైపు చూసింది.

"ఇప్పుడు చెయ్యడం లేదు" అన్నాను.

అబద్ధం కాదు. ఇప్పుడు చెయ్యడం లేదు. దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను. ఆ పవిత్రమైన చిరునవ్వు, ఆ తల పంకించడం, ఆ రెండు వేళ్ళు. ఒక మనిషి కుట్టే చెయ్యి పోయింది ఆ రెండు వేళ్ళ వల్ల.

జూన్ 20

కోటు ఉతికాను. ఎందుకు ఉతికానో తెలియదు.

జూన్ 21

పిన్ని మందులు మింగడం లేదు. నోట్లో పెడితే సగం వంకరైన పెదాల్లోంచి బయటికి తోసేస్తోంది. చేతికి కసరత్తు చేయించే అమ్మాయి వస్తే ఎడమచేత్తో నెట్టేస్తోందట. వచ్చీరాని మాటల్లో ఒకటే పాట: పెద్ద డాక్టరుగారు విశ్రాంతి ఇమ్మన్నారు, నేనే మధ్యలో లేచి పిల్లదాని చొక్కాకి గుండీ కుట్టాను, అందుకే ఇలా అయింది, ఇక కదపను. తప్పంతా ఆ గుండీ మీద వేసుకుని పడుకుంది. మొదటి రోజుల్లో కదిలిస్తేనే చెయ్యి కొంతైనా తిరిగొస్తుందని, ఇలాగే వదిలేస్తే కట్టెలా అయిపోతుందని టీ మరక డాక్టరు గట్టిగానే చెప్పింది.

పిన్ని కూతురు మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది. "బావగారిని ఒక్కసారి కోటు వేసుకుని రమ్మనక్కా. కదపమని ఆయన చెబితే కదుపుతుంది. నాకు ఆయన మీద కోపం లేదు. కోపం తరవాత పడతాను."

జూన్ 22

విషయం చెప్పగానే జ్వరం ఎగిరిపోయింది. లేచారు, గడ్డం గీసుకున్నారు, కోటు తొడుక్కున్నారు. ఇస్త్రీ ఉంటే బాగుండేదన్నారు. పిన్ని పడిపోయిన దగ్గర్నుంచి గుమ్మం దాటని మనిషి, పాత్ర పిలిచేసరికి పెళ్ళికొడుకులా తయారయ్యారు. ఆ కోటు మీద చెయ్యి వేసి లాగేశాను. గుండీ ఊడి ఎక్కడో పడింది.

కోటు వేసుకుని వెళ్ళి మళ్ళీ నాడి పడతారా? రేపు ఆమెకి గుండెనొప్పి వచ్చినా మీ మాట కోసమే పడుకుని ఉంటుంది, అప్పుడేం చెబుతారు? వెళితే మీరుగా వెళ్ళండి, నాకు వైద్యం ఒక్క ముక్క కూడా తెలియదని చెప్పండి, ఆ పిల్ల డాక్టరు మాట వినమని చెప్పండి. ఇవన్నీ అరిచే చెప్పాను. పక్కవాటా వాళ్ళు విని ఉంటారు.

మంచం మీద కూర్చున్నారు. కోటు లేకపోతే ఎంత చిన్నగా ఉంటారో మరచిపోయాను. భుజాలు లేవు మనిషికి. వెళతాను అన్నారు. వెళ్ళి ఏమనాలి అన్నారు. ఇప్పుడు చెప్పాను కదా అన్నాను. అది కాదు, ఎలా మొదలుపెట్టాలి, ఆవిడ ఏడిస్తే ఏం చెయ్యాలి, కూర్చోవాలా నిలబడాలా అన్నారు.

"రాసివ్వు" అన్నారు చివరికి. "నువ్వు రాసిస్తే అంటాను."

ఛీ అనిపించింది. క్షమాపణ కూడా నోటికి అందించాలా? 

రాశాను.

జూన్ 23

రిహార్సల్ చేశాం. హాల్లో దివాను పిన్ని మంచం అనుకున్నాం. మొదటిసారి అన్నప్పుడు మళ్ళీ పెద్ద డాక్టరు గొంతే వచ్చింది. వద్దన్నాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా అనండి, నడుస్తూ నడుస్తూ లిఫ్టు దగ్గర ఆగిపోయే మనిషిలా అనండి అన్నాను. ఆలోచించారు. రెండోసారి భుజాలు దించి, చూపు నేల మీద పెట్టి, గొంతులో తడబాటు తెచ్చి అన్నారు. అచ్చం ఆయనే. ఇన్నాళ్ళు కాపురం చేసిన మనిషిని ఆయనే నా ఎదురుగా వేసి చూపించారు. ఎంత బాగా వచ్చిందో.

"ఈయన దొరికాడు" అన్నారు సంతోషంగా. తనని తాను 'ఈయన' అన్నారు.

నాకు భయం వేసింది. అయినా 'ఒక్క ముక్క కూడా' దగ్గర 'కూడా' తీసేయమని చెప్పాను. తీసేస్తే మాటకి బరువు పెరుగుతుంది.

జూన్ 24

వార్డులో కిటికీ పక్క మంచం. కుడిచెయ్యి దిండు మీద పెట్టి ఉంది, ఎవరిదో చెయ్యి తెచ్చి పక్కన పెట్టినట్టు. ఆయన పాత గళ్ళచొక్కాలో వెళ్ళారు. పిన్ని ముందు గుర్తుపట్టలేదు. నేను మంచం కాళ్ళ వైపు, ఆయనకి కొంచెం కుడిపక్కగా నిలబడ్డాను. కావాలని కాదు. అక్కడే చోటుంది.

అన్నీ సరిగ్గా అన్నారు. నాకు వైద్యం ఒక్క ముక్క తెలియదమ్మా. తొమ్మిదేళ్ళు ఎవరో రాసిన మాటలు చెప్పాను. నా మాట పట్టుకుని మీరు చెయ్యి పోగొట్టుకోకండి. ఈ డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యండి. తడబాటు ఎక్కడ రావాలో అక్కడే వచ్చింది. పక్క మంచం ఆవిడ ముక్కు తుడుచుకుంది. కసరత్తు అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది.

పిన్ని ఏడవలేదు. చాలాసేపు ఆయన ముఖం వంక చూసింది, కొలతలు తీసుకునేటప్పుడు చూసినట్టు. తరవాత ముద్దమాటతో అడిగింది:

"తెలీనప్పుడు తెలీదనాలి గదా. విశ్రాంతి ఇమ్మని ఎందుకన్నారు?"

ఇది మేం రాసుకున్న దాంట్లో లేదు. ఆయన నోరు తెరిచారు. మాట లేదు. కళ్ళు కుడివైపు తిరిగాయి. ఈసారి పిన్ని కూడా ఆ చూపు వెంబడే నన్ను చూసింది. పిన్ని కూతురూ చూసింది.

చెప్పాలనే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అందించాలని కాదు, చెప్పాలనే. కానీ గొంతు పాడుగాను, నా గొంతు రాలేదు, పని గొంతు వచ్చింది. మెల్లగా, భావం లేకుండా, ఒక ఊపిరి ముందుగా:

"తప్పు నాది పిన్నీ. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది."

"తప్పు నాది పిన్నీ" అన్నారాయన. "ఆ మాట నా నోట్లోంచి వచ్చింది."

ఎన్నడూ ఆమెని పిన్నీ అనని మనిషి. ఎంత బాగా అన్నారంటే, పిన్ని కళ్ళు నా మీద నుంచి ఆయన మీదికి వెళ్ళిపోయి మళ్ళీ ఇటు రాలేదు. ఎడమచెయ్యి చాచి ఆయన వేళ్ళు పట్టుకుంది. పోన్లే అన్నట్టు తలాడించింది. కూతురు అక్కడే కూలబడి అప్పుడు ఏడ్చింది. కసరత్తు అమ్మాయి కుడిచేతిని పైకెత్తి వంచితే పిన్ని నెట్టెయ్యలేదు.

కాదు పిన్నీ, ఆయన కాదు, నేను, అనొచ్చు. గదిలో బోలెడంత నిశ్శబ్దం ఉంది, ఎంత మాటైనా పట్టేంత. ఊరుకున్నాను. ఒకసారి టేకు అంత బాగా వచ్చాక ఎవరూ కదపరు.

వరండాలోకి వచ్చాం. ఆయన చెమట తుడుచుకున్నారు. ముఖం వెలిగిపోతోంది. అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరకి వంగారు.

"ఎలా వచ్చింది?"

"బాగా వచ్చింది" అన్నాను. "రెండో మాట దగ్గర కొంచెం తొందరపడ్డారు."